మూడో మాట

బాత్‌రూమ్‌కి తలుపు లేదు. తలుపు ఉండాల్సిన చోట అత్తగారు ఉంది, భుజం మీద తువ్వాలుతో, చేతిలో సబ్బుపెట్టెతో.

"నేనిప్పుడు స్నానం చెయ్యాలా, ప్రదర్శన పెట్టాలా?" అని అడిగింది.

ఆ ఇంట్లో ఈమధ్య ప్రశ్నలకు కొదవ లేదు, కరువంతా జవాబులకే.

పోయింది ఆ ఒక్క తలుపే అయితే సర్దుకోవచ్చు. తెల్లారి అందరూ లేచేసరికి రెండు పడగ్గదులవీ, వంటగదిదీ, సామాన్ల గదిదీ, బాత్‌రూమ్‌దీ, మొత్తం ఐదు తలుపులూ హాల్లో గోడకు ఆనుకుని ఉన్నాయి, లెక్క తప్పు చేసి బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా. వీధి తలుపు ఒక్కటే దాని చోట అది ఉంది.

విప్పినవాడు లిఫ్టు మెకానిక్. ఆ ఇంటి యజమాని, ఆవిడకు అల్లుడు. పనితనానికి మాత్రం వంక పెట్టడానికి లేదు. పక్క మీద పడుకున్నవాళ్లకు మెలకువ రాకుండా పదిహేను మడతబందులు ఊడదీశాడు. ఏ తలుపు మరలు ఆ తలుపుకే పొట్లం కట్టి, పొట్లం మీద గది పేరు రాసి, ఒక స్టీలు డబ్బాలో పేర్చాడు. పేర్చి, ఆ డబ్బా పక్కనే నేల మీద కూర్చున్నాడు. అప్పటినుంచీ మాట లేదు, పలుకు లేదు. గడియలు లేని ఇంట్లో ఒక్కో గడియా ఎలా గడుస్తుందో అప్పుడు తెలిసింది అందరికీ.

"అమ్మమ్మా, ఇంక మనింట్లో దాగుడుమూతలు ఆడటానికి లేదు," అంది తొమ్మిదేళ్ల నట్టు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయిందని నాన్న పెట్టిన ముద్దుపేరు అది.

"దాగేవాళ్లు దాగుతూనే ఉన్నార్లే," అంది అమ్మమ్మ, అల్లుడి వీపు వంక చూస్తూ.

మెకానిక్ భార్య వంటగదిలోంచి రెండు కప్పులతో వచ్చింది. ఒకటి తల్లి చేతికిచ్చింది. రెండోది కూతురి చేతిలో పెట్టింది.

"మీ నాన్నని తాగమను."

నాన్న మూడడుగుల దూరంలో ఉన్నాడు. నట్టు అటు తిరిగి, "అమ్మ తాగమంటోంది," అంది. కప్పు నేల మీద పెట్టి, ఇటు తిరిగి, "పెట్టాను," అంది. వారం నుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల సంసారం ఇలా పిల్ల చేతుల మీదుగా నడుస్తోంది.

"మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకోవట్లేదు?" అంది అత్తగారు కూతురితో.

"తలుపులు విప్పేస్తే ఏం మాట్లాడమంటావ్?"

"తలుపులు విప్పింది ఇవాళ. మాటలు మానేసింది పోయిన బుధవారం. నేను ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేశానే. లైను ఎప్పుడు తెగిందో నాకు చెప్పక్కర్లేదు."

కూతురు ఒక దుప్పటి తెచ్చి బాత్‌రూమ్ గుమ్మానికి కట్టడం మొదలుపెట్టింది. తల్లి దుప్పటిని చూసింది, కూతురిని చూసింది, తువ్వాలు సర్దుకుని హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. దుప్పటి చాటున స్నానం చేసే వయసు దాటిపోయిందని ఆవిడ ముఖం చెప్పింది.

మెకానిక్ తొమ్మిది దాటినా నోరు తెరవలేదు, పది దాటినా తెరవలేదు. ఈలోపు అతని అన్నగారు దిగబడ్డాడు.

ఆయన డ్రైవింగ్ స్కూల్ మాస్టారు. ఇంకొకరు నడుపుతున్న బండికి పక్క సీట్లోంచి బ్రేకు వెయ్యడం ఆయన వృత్తి. ఇరవై రెండేళ్లుగా చేస్తుండటం వల్ల ఆ కాలు ఇళ్లలో కూడా ఊరుకోదు.

"ఒరేయ్, ఏంట్రా ఇది?" అన్నాడు తలుపుల వరసను చూసి. తమ్ముడు తలెత్తలేదు. మాస్టారు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి మరదలి ముందు పెట్టాడు. "అమ్మాయ్, నేను ఆస్పత్రిలో మాట్లాడాను. పన్నెండుకల్లా తీసుకొస్తే చేర్చుకుంటామన్నారు. నువ్వు సంతకం పెడితే చాలు."

"కౌన్సెలర్‌గారు పదకొండింటికి వస్తున్నారు బావగారూ. ఆవిడ్ని అడిగి..."

"ఆవిడ ఇన్ని వారాలూ ఏం చేసింది? ఊపిరి పీల్చమంది, వదలమంది. చెప్పుల్లేకుండా నేల మీద నడవమంది. నేను కుర్రాళ్లకి క్లచ్ వదలడం నేర్పిస్తాను, ఆవిడ ఊపిరి వదలడం నేర్పిస్తోంది. నేర్చుకున్నవాడు ఇప్పుడేం చేశాడు? అన్నీ వదిలేశాడు."

"నిద్రపోతున్నారు. నాలుగు గంటలు పడుకుంటున్నారు రోజూ. అంతకుముందు అదీ లేదు."

"ఇవాళ తలుపులు విప్పాడు. రేపు గ్యాసు విప్పితే? ఇంట్లో చిన్నపిల్ల ఉంది."

ఆమె ఒకసారి కూతురి వంక చూసింది. కాగితం తీసుకుంది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు కోసే మనిషి ఆమె. వెంట్రుకవాసి తేడా వచ్చినా కనిపెట్టే చూపు. అలాంటిది, సంతకం పెట్టాల్సిన గీత ఎక్కడుందో ఎంతసేపటికీ దొరకలేదు.

ఆమెకు దొరకనిది గీత కాదు. గడిచిన బుధవారం కౌన్సెలర్ గదిలో భర్త నోటి వెంట విన్న మాట ఆమె గొంతులో అడ్డం పడి ఉంది. అటు మింగలేదు, ఇటు తల్లితో అనలేదు. ఐదు నెలల కిందట లిఫ్టు గోతిలో పోయింది ఆమె తమ్ముడు. అత్తగారు కన్న ఒక్కగానొక్క కొడుకు. అక్క మొగుడే చేయి పట్టుకుని ఆ పనిలోకి తీసుకెళ్లాడు, పదకొండేళ్లు పక్కన పెట్టుకుని నేర్పాడు. బ్రేకు పాతదని కాగితాల మీద రాసి ముగించారు. కాగితాల మీద లేనిది ఒకటి ఉందని ఆ బుధవారం దాకా ఆమెకు తెలియదు. తల్లికి ఇప్పటికీ తెలియదు.

ఆ భర్తను ఆస్పత్రికి పంపడానికి చెయ్యి ఆడటం లేదు. ఆ భర్తతో మాట్లాడటానికి నోరు ఆడటం లేదు.

కౌన్సెలర్ సరిగ్గా పదకొండింటికి వచ్చింది. గుడ్డసంచీ, మడమ అరిగిన చెప్పులు. గుమ్మంలో ఆగి, తలుపుల వరసను చూసింది, డబ్బాను చూసింది. వంగి ఒక పొట్లం తీసి దాని మీద రాసింది చదివింది.

"వంటగది, పై బందు," అంది. "అక్షరాలు బాగున్నాయి."

"అక్షరాభ్యాసం తర్వాత చేయిద్దాం మేడమ్," అన్నాడు మాస్టారు. "తలకి దెబ్బ తగిలినవాడికి తల సంగతి చూడకుండా మీరు కాళ్లూ చేతులూ పట్టుకు కూర్చున్నారు. అందుకే ఇంతదాకా వచ్చింది."

"తల ఒక్కటే విడిగా నా గదికి రాదు కదండీ. దాని కింద మనిషి కూడా వస్తాడు." ఆమె నేల మీదే కూర్చుంది, మెకానిక్‌కి ఎదురుగా కాదు, పక్కగా. "మందులు డాక్టరుగారు చూస్తున్నారు. నేను నిద్ర చూస్తాను, తిండి చూస్తాను, ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూస్తాను, ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో చూస్తాను. దెబ్బ అన్నిచోట్లా తగిలినప్పుడు అన్నిచోట్లా చూడాలి. ఆస్పత్రి నాకు శత్రువు కాదు. అవసరమనిపిస్తే నేనే బండెక్కిస్తాను."

"ఇది అవసరం కాకపోతే మరేంటండీ? తలుపులు పోయాయి."

"పోలేదు, విప్పారు. మళ్లీ బిగించే ఉద్దేశం లేనివాళ్లు పొట్లాల మీద గది పేర్లు రాయరు."

మాస్టారు కాలు గాలిలో బ్రేకు కోసం వెతుక్కుంది.

కౌన్సెలర్ మెకానిక్ వైపు తిరిగింది. ఎందుకు చేశావని అడగలేదు. "తలుపు మూసి ఉంటే మీ ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?" అని అడిగింది, కాలు ఎక్కడ నొప్పి అన్నంత మామూలుగా.

అతను చాలాసేపు తన ఒంటిని చూసుకున్నాడు. తర్వాత కుడిచేతి బొటనవేలు ఎత్తి చూపించాడు.

"అరికాళ్లు నేలకి ఆనించండి. రెండూ. ఆ, అలాగే. తొందరేం లేదు."

ఊపిరి లోపలికి వెళ్లింది, తిరిగి వచ్చింది. ఇంకోసారి వెళ్లింది. మూడోసారికి ఆ ఊపిరి వెంట మాట వచ్చింది.

"మూసేస్తే లోపలివాళ్లు ఎక్కడున్నారో కనపడదు."

ఐదు గుమ్మాల ఇంట్లో ఆ మాటకు ఎక్కడా అడ్డు లేదు, అన్ని గదుల్లోకీ వెళ్లింది. వంటగదిలో అతని భార్య చేతిలో గిన్నె ఆగింది. అత్తగారు తువ్వాలు మడత విప్పి మళ్లీ మడిచింది.

"ఒక్క తలుపు పెడదామా ఇవాళ?" అంది కౌన్సెలర్. "ఒక్కటే. ఏది పెడదామంటారు?"

"అది కూడా అడగాలా?" అంది అత్తగారు.

అందరిలోకీ నట్టు ఒక్కతే నవ్వింది. మరలు విప్పినవాడు మరల బిగించడానికి లేచాడు. బాత్‌రూమ్ తలుపును తనే ఎత్తుకెళ్లి గుమ్మానికి చేర్చి, పొట్లం విప్పాడు. రెండో మనిషి కావాలి. తలుపు కింద చెక్కముక్క పెట్టి, దాని చివర కాలితో నొక్కితే తలుపు పైకి లేస్తుంది. ఒకరు అలా లేపితే రెండోవాళ్లు బందును గుమ్మానికి చెక్కిన గుంతలో కూర్చోబెట్టాలి.

"నేను పట్టుకుంటాను," అని మాస్టారు ముందుకొచ్చాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. కౌన్సెలర్ వంటగది వైపు చూసింది. అక్కడున్న మనిషి వీపు తిప్పేసింది.

"స్నానం నాది, తలుపు నాది," అంటూ అత్తగారు లేచింది. "నేనే పట్టుకుంటాను."

కౌన్సెలర్ ముఖంలో మొదటిసారి తొట్రుపాటు కనిపించింది. ఆ బుధవారం మాట ఆమెకు తెలుసు కదా. మెకానిక్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మీకు సరేనా? ఇవాళే ఏదో జరగాలని లేదు. వద్దంటే దుప్పటే ఉంచుదాం."

అతను మళ్లీ అరికాళ్లు నేలకు ఆనించాడు. "సరే," అన్నాడు.

తెరిచినట్టు నిలబెట్టిన తలుపుకు అవతల అత్తగారు, ఇవతల అల్లుడు. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. అతను వంగి, కింద బందు వెనక వేళ్లు పెట్టి, గుంత తడుముకున్నాడు.

"పైకి," అన్నాడు.

"పైకి," అంది ఆవిడ. కానీ నొక్కలేదు.

తలుపు లేవలేదు. అతను వేళ్లు తియ్యలేదు.

"ఏమయ్యా, లైన్లో ఉన్నావా?" అంది తలుపు వెనకనుంచి. "నొక్కనా? నాకు పాత అలవాటు. అడిగిన నంబరు తిరిగి చెప్పేదాన్ని. అవతలివాళ్లు అవునన్నాకే కలిపేదాన్ని. నువ్వు ఏదో ఒకటి అనకపోతే నేను కలపను."

వంటగది గుమ్మంలోకి భార్య వచ్చి నిలబడింది. చెయ్యి ఎత్తింది, ఆపడానికో ఏమో. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"మాకూ అంతే అత్తయ్యా," అన్నాడు మెకానిక్.

"ఏది అంతే?"

"లిఫ్టు పెట్టె మీద ఉన్నవాడు 'పైకి' అంటాడు. మిషన్ గదిలో ఉన్నవాడు 'పైకి' అని తిరిగి అంటాడు. అప్పుడు కిందవాడు తన కాళ్లూ చేతులూ చూసుకుని 'కానీ' అంటాడు, ఇక కానివ్వమని. ఆ మూడో మాట వినపడ్డాకే బటన్ నొక్కాలి. నేనే నేర్పాను వాడికి. మొదటి ఏడాది ఒక్కసారి మర్చిపోయినా పని ఆపేసేవాణ్ణి."

ఆవిడ తలుపు అంచు పట్టుకుంది.

"తర్వాత తర్వాత... పదకొండేళ్లు. వాడు దగ్గితే ఎందుకు దగ్గాడో నాకు తెలిసేది. మూడోది మానేశాం. ఎప్పుడు మానేశామో కూడా గుర్తులేదు. ఇద్దరికీ నవ్వొచ్చేది, ఇంకా అదెందుకని."

ఊపిరి ఆగింది. కౌన్సెలర్ ఒక్క అడుగు దగ్గరికి వచ్చింది, ముట్టుకోలేదు. ఊపిరి మళ్లీ కదిలింది.

"ఆ రోజు వాడు 'పైకి' అన్నాడు. నేను 'పైకి' అన్నాను. అని నొక్కేశాను. వాడు పానా అందుకోవడానికి పక్కకి వంగి ఉన్నాడు. నేను చూడలేదు. బ్రేకు పాతదే, నేను నొక్కాక సరిగ్గా పట్టలేదు. ముందు నొక్కింది నేను."

నట్టు నోరు తెరవబోతే పెదనాన్న భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. అన్నేళ్ల వృత్తిలో అవసరానికి పడిన బ్రేకు అదొక్కటేనేమో.

తలుపు అవతల చెక్కముక్క మీద అత్తగారి కాలు అలాగే ఉంది. ఇవతల బందు సందులో అల్లుడి నాలుగు వేళ్లూ అలాగే ఉన్నాయి. కాలు బరువు పెడితే వేళ్లు ఉండవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను వేళ్లు తియ్యలేదు.

"దానికి తెలుసా?" అంది ఆవిడ చివరికి. గొంతు ఎక్స్చేంజిలో మాట్లాడినంత సమంగా ఉంది.

"వారం అయిందమ్మా," అంది కూతురు వంటగది గుమ్మంలోంచి.

"వారం." ఆవిడ ఆ మాటను కూడా తిరిగి చెప్పింది, నంబరు తప్పు రాకుండా చూసుకున్నట్టు. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"చెయ్యి తియ్యి," అంది.

అతను తీశాడు.

"తీశావా?"

"తీశాను."

"చూసుకున్నావా?"

అతను చేతులు చూసుకున్నాడు, పాదాలు చూసుకున్నాడు. "చూసుకున్నాను. కానీ."

ఆవిడ నొక్కింది. తలుపు లేచి గుంతల్లో కూర్చుంది. అతను మరలు బిగించాడు, కిందివి, మధ్యవి, పైవి. ఒక మర జారి నేల మీద దొర్లితే నట్టు వెళ్లి తెచ్చి ఇచ్చింది.

పని అయ్యాక అత్తగారు తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చింది. అల్లుడి ముఖం చూడలేదు, కూతురి ముఖమూ చూడలేదు. కుర్చీ మీది తువ్వాలు తీసుకుంది. సబ్బుపెట్టె మర్చిపోయింది. లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది.

గడియ పడింది.

అందరూ నీళ్ల చప్పుడు కోసం విన్నారు. కుళాయి తిప్పలేదు. బక్కెట్టు కదల్లేదు. ఏడుపూ లేదు.

గోడ గడియారంలో పన్నెండుకు పది. మాస్టారు సంతకం పడకుండా మిగిలిన కాగితం వంక చూశాడు, మరదలి వంక చూశాడు. కాగితాన్ని తనే ఇంకో మడత పెట్టాడు, చింపలేదు.

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. సందులోకి దూర్చి ఆ గడియ ఎత్తడం అతనికి అర నిమిషం పని. బొటనవేలు పిడి మీద బిగుసుకుంది. ఊపిరి పక్కటెముకల కింద ఎక్కడో చిక్కుకుంది. కౌన్సెలర్ చూస్తోంది. ఆపడానికి కదల్లేదు.

అతను వంగి, స్క్రూడ్రైవర్‌ను స్టీలు డబ్బాలో పెట్టాడు. తలుపు ముందు రెండు పాదాలూ ఆనించి నిలబడ్డాడు.

"అత్తయ్యా," అన్నాడు. "లోపల ఉన్నారా?"

జవాబు లేదు.

వెనక అడుగుల చప్పుడైంది. భార్య వచ్చి పక్కన నిలబడింది, తగలనంత దూరంలో. వారం తర్వాత, మధ్యలో కూతురు లేకుండా, అతనితోనే అంది.

"ఇంకోసారి పిలవండి."

అతను తలుపు మీదినుంచి చూపు తిప్పలేదు.

"పిలిచాను," అన్నాడు. "ఇప్పుడు ఆగాలి."